సేలీలో ఒక కాలేజీ: చిన్న కమ్యూనిటీ కాలేజీ ఎదుగుదల, ఇక్కట్లు
(స్మారకోపన్యాస పాఠం)

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీ అంటే హైస్కూలు చదువు ముగించినవారికి మరో రెండేళ్ళు చదువు చెప్పే కళాశాల. వాటిలో అత్యధికం ప్రభుత్వ కళాశాలలే. చేరడానికి పోటీ పరీక్ష ఉండదు. ఫీజు విశ్వవిద్యాలయాల కంటే బాగా తక్కువ. హాస్టళ్ళు ఉన్నవి కొద్ది. ఎక్కువమంది ఇంటి దగ్గర నుంచే వచ్చి పోతారు. రెండేళ్ళ చదువు పూర్తయితే అసోసియేట్ డిగ్రీ ఇస్తారు. దానితో నాలుగేళ్ళ విశ్వవిద్యాలయంలో మూడో ఏడాదిలోకి వెళ్ళవచ్చు, లేదా నర్సుగానో వెల్డరుగానో అకౌంట్స్ గుమాస్తాగానో నేరుగా పనిలో చేరవచ్చు. వీటిని ఒకప్పుడు జూనియర్ కాలేజీలనే అనేవారు. తెలుగువారికి జూనియర్ కాలేజీ అనగానే 1969లో మొదలైన రెండేళ్ళ ఇంటర్మీడియట్ గుర్తుకొస్తుంది. ఇది ఆ మెట్టు కాదు, దాని పై మెట్టు. మన డిగ్రీ కాలేజీలో మొదటి రెండేళ్ళకు దగ్గరగా ఉంటుంది. విద్యార్థుల వయసులోనూ తేడా ఉంది. అక్కడి తరగతి గదిలో పద్దెనిమిదేళ్ళ కుర్రవాడి పక్కన ముగ్గురు పిల్లల తల్లి కూర్చుని ఉండడం మామూలు విషయం.

ఈ రకం కళాశాలల్లో నేటికీ నడుస్తున్నవాటిలో మొదటిది ఇలినాయి రాష్ట్రంలోని జోలియెట్‌లో 1901లో ఆరుగురు విద్యార్థులతో మొదలైంది. షికాగో విశ్వవిద్యాలయ అధ్యక్షుడు విలియం రెయినీ హార్పర్, జోలియెట్ హైస్కూలు పెద్ద జె. స్టాన్లీ బ్రౌన్ కలిసి హైస్కూలుకే రెండేళ్ళు జోడించి దాన్ని నిలబెట్టారు. 1907లో కాలిఫోర్నియా ఇలాంటి తరగతులకు చట్టంతో దారి చూపింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సైనికులు 1944 నాటి జి.ఐ. బిల్లు సాయంతో చదువులకు తిరిగి వచ్చారు. 1947లో అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన సంఘం ఊరూరా ఇలాంటి కళాశాలలు రావాలని సిఫారసు చేసింది. కమ్యూనిటీ కాలేజీ అన్న పేరు వాడుకలోకి వచ్చింది అప్పుడే. 1960వ దశకం ఒక్కదానిలోనే నాలుగు వందలకు పైగా కొత్తవి వెలిశాయి. ఇప్పుడు దేశం మొత్తం మీద వెయ్యి దాకా ఉన్నాయి.

వాటిలో నగర కళాశాలలు పదుల వేలమందికి చదువు చెబుతాయి. గ్రామీణ ప్రాంతాల్లో కొన్ని వందల మందితో, మహా అయితే వెయ్యీ రెండు వేల మందితో నెట్టుకొచ్చేవీ ఎన్నో ఉన్నాయి. చిన్న కళాశాల కష్టం అర్థం కావాలంటే ముందు దాని ఖర్చుల లెక్క తెలియాలి. రసాయనశాస్త్రం బోధించాలంటే ప్రయోగశాల ఉండాలి. అందులో పన్నెండు మంది చదివినా నలభై మంది చదివినా గది ఒకటే, పొగగొట్టం ఒకటే, భద్రతా నియమాలు ఒకటే. గ్రంథాలయం, ఫీజుల కార్యాలయం, కేంద్ర ప్రభుత్వ ఆర్థిక సాయం లెక్కలు చూసే మనిషి, కళాశాలల ప్రమాణాలను పరిశీలించే గుర్తింపు సంస్థకు నివేదికలు రాసే మనిషి, వీటిలో ఏదీ విద్యార్థుల సంఖ్యను బట్టి తగ్గదు. ఆదాయం మాత్రం చాలా చోట్ల తలలు లెక్కపెట్టి వస్తుంది. ఒక సెమిస్టర్‌లో యాభై మంది తగ్గితే పెద్ద కళాశాలకు తెలియను కూడా తెలియదు. చిన్న కళాశాలలో ఒక అధ్యాపకుడి జీతం పోతుంది. ఆ అధ్యాపకుడు పోతే ఒక కోర్సు ఆగిపోతుంది. ఆ కోర్సు లేక డిగ్రీ పూర్తికాని విద్యార్థులు మరుసటి ఏడాది చేరరు. చిన్న కళాశాలలు కుంగిపోవడంలో చదువు నాణ్యత కంటే ఈ లెక్కల పాత్రే ఎక్కువ.

ఈ ఎదుగుదలా ఈ ఇక్కట్లూ రెండూ స్పష్టంగా కనిపించే చోటు అరిజోనా రాష్ట్రపు ఈశాన్య మూలన, చుస్కా పర్వతాల పక్కన, దాదాపు ఏడు వేల అడుగుల ఎత్తున ఉన్న సేలీ అనే చిన్న ఊరు. అక్కడి కళాశాల పేరు దినే కాలేజీ. 1997 వరకు దాని పేరు నవాహో కమ్యూనిటీ కాలేజీ. అమెరికా ఆదివాసీ జాతి ఒకటి తానే స్థాపించి, తానే నడుపుకున్న మొట్టమొదటి ఉన్నత విద్యాసంస్థ అది. ఆ జాతి నవాహో. వారి స్వయంపాలిత ప్రాంతమైన నవాహో దేశం అరిజోనా, న్యూ మెక్సికో, యూటా రాష్ట్రాల్లో సుమారు డెబ్బై వేల చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంది. అంటే తెలంగాణలో సగానికి పైగా. అంత నేల మీద ఉండేది రెండు లక్షల లోపు జనం.

ఈ కళాశాల ఎందుకు పుట్టిందో తెలియాలంటే 1868 దాకా వెళ్ళాలి. అంతకు నాలుగేళ్ళ ముందు అమెరికా సైన్యం నవాహోలను ఇళ్ళ నుంచి వెళ్ళగొట్టి, వందల మైళ్ళు నడిపించి, న్యూ మెక్సికో తూర్పున ఫోర్ట్ సమ్నర్ దగ్గర నిర్బంధించింది. దారిలోనూ ఆ శిబిరంలోనూ ఆకలికి, చలికి, రోగాలకు వేలమంది చనిపోయారు. 1868 జూన్ 1న కుదిరిన ఒప్పందంతో బతికినవారు సొంత నేలకు తిరిగి వెళ్ళగలిగారు. ఆ ఒప్పందంలో చదువు గురించి ఒక షరతు ఉంది. ఆరు నుంచి పదహారేళ్ళ లోపు పిల్లలను బడికి పంపాలి; అలా వచ్చే ప్రతి ముప్పై మంది పిల్లలకు ఒక బడి, ఒక ఉపాధ్యాయుడు చొప్పున ప్రభుత్వం ఏర్పాటు చేయాలి. పిల్లలను పంపించమన్న భాగాన్ని ప్రభుత్వం తరువాతి కాలంలో కఠినంగా అమలు చేసింది. బడులు కట్టే భాగం దశాబ్దాల పాటు కాగితం మీదే ఉండిపోయింది. కట్టినవి చాలావరకు ఇంటికి దూరంగా ఉండే వసతి బడులు. జుట్టు కత్తిరించారు, పేర్లు మార్చారు, తల్లి భాషలో మాట్లాడితే దండించారు. అందువల్ల నవాహో కుటుంబాల్లో బడి అంటే పిల్లలను తీసుకుపోయే చోటు అన్న భయం తరతరాలుగా నిలిచిపోయింది. ఈ కళాశాల మొదట ఎదుర్కోవలసి వచ్చింది ఆ భయాన్నే.

1964లో అధ్యక్షుడు జాన్సన్ పేదరికం మీద పోరు ప్రకటించి, ఆర్థిక అవకాశాల కార్యాలయం ద్వారా స్థానిక సంఘాల చేతికే నేరుగా నిధులు ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ డబ్బుతో 1966లో అరిజోనాలోని రఫ్ రాక్ గ్రామంలో ఒక ప్రయోగ పాఠశాల వచ్చింది. నవాహో తల్లిదండ్రులే దాని పాలకవర్గం. వారిలో ఎక్కువమందికి బడి చదువు లేకపోయినా పాఠశాలను నడపగలిగారు. పిల్లలకు నవాహో, ఇంగ్లీషు రెండు భాషల్లోనూ పాఠాలు చెప్పించారు. దానికి సంచాలకుడిగా ఉన్న రాబర్ట్ రోసెల్ నవాహో కాదు. ఆయన భార్య రూత్ రోసెల్ నవాహో. రఫ్ రాక్ సాధించింది చూశాక కళాశాల కూడా సాధ్యమేనన్న నమ్మకం కలిగింది. రేమండ్ నకాయ్ అధ్యక్షతన ఉన్న నవాహో గిరిజన మండలి 1968లో కళాశాలను నెలకొల్పుతూ తీర్మానించింది. 1969 జనవరిలో మెనీ ఫామ్స్ అనే ఊళ్ళో, కేంద్ర ప్రభుత్వపు ఇండియన్ (ఆదివాసీ) వ్యవహారాల శాఖ హైస్కూలు భవనాల్లో చోటు అరువు తీసుకుని తరగతులు ప్రారంభించారు. రోసెల్ మొదటి అధ్యక్షుడు. అదే ఏడాది ఆయన పక్కకు తప్పుకుని, నెడ్ హతాత్లీ అనే నవాహో నాయకుడికి బాధ్యత అప్పగించారు.

నిజానికి కళాశాలకు గట్టి పునాది పడింది ఆ మార్పుతోనే. పాలకవర్గమంతా నవాహోలే, అధ్యక్షుడూ నవాహోనే. బయటివారు వచ్చి పెట్టిన మంచి సంస్థలు ఆదివాసీ ప్రాంతాల్లో అంతకు ముందూ ఉన్నాయి. పెట్టినవారు వెళ్ళిపోగానే వాటిలో చాలావాటి కథ ముగిసింది. ఈ కళాశాలను కాపాడింది పాలన తొలి ఏడాదే సొంత చేతుల్లోకి రావడం. హతాత్లీ 1972లోనే కన్నుమూశారు. అయినా సంస్థ తడబడలేదు.

1973లో కళాశాల సేలీలోని సొంత ప్రాంగణానికి మారింది. నవాహోల సంప్రదాయ గృహం హోగన్. దాని వాకిలి ఎప్పుడూ తూర్పుకే ఉంటుంది. ప్రాంగణాన్ని వృత్తాకారంగా, తూర్పు నుంచి ప్రవేశం ఉండేలా ఆ పద్ధతిలోనే కట్టారు. నడుమ ఎనిమిది మూలలతో, ఆరంతస్తుల అద్దాల భవనం ఉంది; దానికి హతాత్లీ పేరు పెట్టారు. ప్రభుత్వ బడుల బారెడు పొడవు ఇటుక గదులు, ఇనుప కిటికీలు చూసి పెరిగిన తరానికి ఇంటి ఆకారంలో ఉన్న కళాశాల చెప్పే మాట వేరు.

పాఠ్యప్రణాళికలోనూ అదే తీరు. బోధన నవాహో తత్త్వంలోని నాలుగు దశలను అనుసరిస్తుంది: ఆలోచన, ప్రణాళిక, జీవనం, తిరిగి చూసుకోవడం. ఒక్కో దశను ఒక్కో దిక్కుతో కలిపి చూస్తారు. నవాహో భాష, చరిత్ర, సంస్కృతి ఐచ్ఛిక అలంకారాలుగా కాక చదువుకే కేంద్రంగా నిలిచాయి. వాటికి పాఠ్యపుస్తకాలు లేవు. కళాశాల తానే తయారు చేసుకోవలసి వచ్చింది. రూత్ రోసెల్ సంపాదకత్వంలో కళాశాల ముద్రణాలయం 1973లో ఫోర్ట్ సమ్నర్ నడక గురించి పెద్దల నోట విన్న కథనాలను పుస్తకంగా తెచ్చింది. మరుసటి ఏడాది, 1930లలో ప్రభుత్వం నవాహోల గొర్రెలను, మేకలను బలవంతంగా తగ్గించిన దారుణం గురించి ఇంకో సంపుటం వచ్చింది. అంతవరకు ఈ సంఘటనలు అచ్చులో ఎక్కువగా ప్రభుత్వాధికారుల నివేదికల్లోనే దొరికేవి. ఒక చిన్న రెండేళ్ళ కళాశాల, పరిశోధన దాని విధి కాకపోయినా, ఒక జాతి చరిత్రకు ఆధార గ్రంథాలు సమకూర్చింది. దాని విలువను విద్యార్థుల సంఖ్యతో కొలిచేవారు ముందుగా ఈ పుస్తకాలను చూడాలి.

అయితే పుస్తకాలతో జీతాలు రావు. మామూలు కమ్యూనిటీ కాలేజీకి మూడు వైపుల నుంచి డబ్బు వస్తుంది: విద్యార్థుల ఫీజు, రాష్ట్ర ప్రభుత్వం, చాలా రాష్ట్రాల్లో స్థానిక ఆస్తి పన్ను. ఆదివాసీ కళాశాలకు ఈ మూడూ దాదాపు మూసుకుపోయి ఉంటాయి. పేదరికం వల్ల ఫీజు పెంచలేరు. రిజర్వేషన్ (ఆదివాసీ జాతికి కేటాయించిన ప్రాంతం) భూమి కేంద్ర ప్రభుత్వ సంరక్షణలో ఉంటుంది, దాని మీద ఆస్తి పన్ను వేయడం కుదరదు. అది రాష్ట్ర అధికారానికి బయట ఉన్న సంస్థ కనుక ఇతర కళాశాలలకు ఇచ్చినట్టు దీనికి ఇవ్వవలసిన బాధ్యత రాష్ట్రానికి లేదు. మిగిలిన ప్రధాన ఆధారం కేంద్రమే. అందుకే 1971లో అమెరికా కాంగ్రెస్ చేసిన నవాహో కమ్యూనిటీ కాలేజీ చట్టం ఈ సంస్థకు ప్రాణవాయువు అయింది. 1976లో గుర్తింపు వచ్చాక సేలీలో సంపాదించిన క్రెడిట్లను విశ్వవిద్యాలయాలు అంగీకరించడం తేలికైంది.

సేలీని చూసి ఇతర జాతులూ ముందుకొచ్చాయి. 1971లో దక్షిణ డకోటాలో ఓగ్లాలా లకోటా, సింతె గ్లెష్కా కళాశాలలు వచ్చాయి. 1973లో ఆరు కళాశాలలు కలిసి అమెరికన్ ఇండియన్ ఉన్నత విద్యా సమితిగా ఏర్పడ్డాయి. విడివిడిగా వెళితే వినిపించుకోని కాంగ్రెస్, కలిసికట్టుగా వెళ్ళాక 1978లో ఆదివాసీ కళాశాలల సహాయ చట్టం చేసింది. కానీ అందులోనే ఒక చిక్కు ఉంది. సాయం విద్యార్థుల లెక్కను బట్టి అందుతుంది, ఆ లెక్కలోకి కేంద్ర ప్రభుత్వ గుర్తింపు పొందిన ఆదివాసీ జాతుల సభ్యులు, వారి సొంత పిల్లలు మాత్రమే వస్తారు. పక్క ఊరి ఆదివాసీయేతర పేద కుర్రవాడు వచ్చి చేరితే కళాశాల కాదనదు. అతని చదువుకు మాత్రం చట్టం కింద పైసా రాదు. పైగా చట్టంలో రాసిన మొత్తానికీ ఏటా కాంగ్రెస్ నిజంగా కేటాయించే మొత్తానికీ ఏళ్ళ తరబడి పెద్ద తేడా ఉండిపోయింది. ఇది మాట తప్పడమే. 1994లో 29 ఆదివాసీ కళాశాలలకు ల్యాండ్ గ్రాంట్ (వ్యవసాయ విద్యకు కేంద్రం సాయం అందించే) హోదా రావడంతో వ్యవసాయ విద్యకు, విస్తరణ సేవలకు కొంత ఆసరా దొరికింది.

గుర్తింపు నిలబెట్టుకోవడం ఎంత కష్టమో సమితి వ్యవస్థాపక సభ్యుల్లో ఒకటైన కాలిఫోర్నియాలోని డి.క్యూ. విశ్వవిద్యాలయం కథ చెబుతుంది. 1971లో పుట్టిన ఆ రెండేళ్ళ సంస్థకు సేలీకి ఉన్నట్టు వెనక నిలిచిన ఒక జాతి, ఒక ప్రభుత్వం లేవు. డబ్బు సమస్యలు, పాలనా సమస్యలు ముదిరి 2005లో గుర్తింపు పోయింది. గుర్తింపు పోతే విద్యార్థులకు కేంద్ర ఆర్థిక సాయం ఆగిపోతుంది. సాయం ఆగితే విద్యార్థులు రారు. ఆదర్శం అక్కడా తక్కువేమీ కాదు. దాన్ని మోయడానికి భుజాలు లేకపోయాయి.

సేలీ కళాశాల విద్యార్థుల సంఖ్య ఇటీవలి ఏళ్ళలో ఒకటిన్నర వేల అటూఇటూ ఉంది. వారందరూ ఒక్క చోట చదవరు. న్యూ మెక్సికోలోని షిప్‌రాక్ సహా నవాహో దేశంలో పలుచోట్ల శాఖలున్నాయి. ప్రతి శాఖకూ గది, గురువు, ఇంటర్నెట్ కావాలి. అయినా శాఖలు లేకుండా కుదరదు. మట్టి దారుల మీద వంద కిలోమీటర్లు కారు నడిపి వచ్చి, సాయంత్రం అంతే దూరం తిరిగి వెళ్ళవలసిన తల్లికి కళాశాల ఉన్నా లేనట్టే. వానకు దారులు బురదవుతాయి, చలికాలంలో మంచు పేరుకుంటుంది. చదువు మధ్యలో మానేయడానికి ఇక్కడ తెలివితో నిమిత్తం లేదు. కారు చెడిపోయినా, పిల్లలను చూసే అమ్మమ్మకు జబ్బు చేసినా ఆ సెమిస్టర్ పోయినట్టే.

హైస్కూలు నుంచి బలహీనమైన పునాదితో వచ్చినవారి సమస్య దీనికి తోడు. కమ్యూనిటీ కాలేజీల్లో చాలాకాలం ప్రవేశం తరువాత ఒక పరీక్ష పెట్టి, గణితంలో, ఇంగ్లీషులో వెనకబడినవారిని క్రెడిట్లు లేని పునశ్చరణ తరగతుల్లో కూర్చోబెట్టేవారు. ఫీజు కట్టాలి, కాలం పోతుంది, డిగ్రీకి ఒక్క అడుగూ దగ్గర కాదు. ఆ మెట్టు మీదే లక్షలమంది ఆగిపోయారు. 2017లో కాలిఫోర్నియా చట్టం చేసి, విద్యార్థులను అలా పక్కన పెట్టకుండా నేరుగా క్రెడిట్ కోర్సుల్లో చేర్చుకుని, అదనపు సాయం ఇమ్మంది. న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం 2007లో ప్రారంభించిన ఆసాప్ కార్యక్రమం మరో దారి చూపింది. తరచుగా కలిసే సలహాదారు, రవాణా చార్జీలు, పాఠ్యపుస్తకాలు, ఫీజులో మిగిలిన భాగం ఇచ్చి, విద్యార్థి పూర్తికాలం చదవాలని షరతు పెట్టింది. లాటరీ పద్ధతిన ఎంపిక చేసి పరిశీలిస్తే, మూడేళ్ళలో డిగ్రీ పొందినవారు మామూలు విద్యార్థుల్లో నూటికి 22 మంది, ఈ సాయం అందినవారిలో 40 మంది. తలసరి ఖర్చు పెరిగింది, కానీ ఒక్కో డిగ్రీకి పడిన ఖర్చు తగ్గింది. చిన్న గ్రామీణ కళాశాలకు ఈ దారి తెలియక కాదు. ఫలితం వచ్చే దాకా ముందుగా పెట్టవలసిన డబ్బు దాని దగ్గర ఉండదు.

ఫలితాలను కొలిచే తీరు కూడా చిన్న కళాశాలకు అన్యాయం చేస్తుంది. కేంద్ర ప్రభుత్వం ఎక్కువగా ప్రచురించే ఉత్తీర్ణతా శాతం, మొదటిసారి కళాశాలలో, పూర్తికాలం చేరి, మూడేళ్ళలోపు ముగించినవారినే లెక్కిస్తుంది. పదేళ్ళ కిందట మానేసి తిరిగి వచ్చినవాడు అందులో లేడు. సగం పని, సగం చదువుగా ఆరేళ్ళకు డిగ్రీ తీసుకున్న తల్లి లేదు. రెండేళ్ళయ్యాక డిగ్రీ కాగితం తీసుకోకుండానే విశ్వవిద్యాలయానికి వెళ్ళిపోయినవాడు ఆ శాతంలో కళాశాల విజయంగా కనిపించడు. సేలీ వంటి చోట విద్యార్థుల్లో అధికభాగం వీళ్ళే. అలాంటి అంకెను పట్టుకుని కళాశాల విఫలమైందనడం తప్పు. దాన్నే నిధులకు కొలబద్ద చేయడం ఇంకా పెద్ద తప్పు.

అధ్యాపకుల కొరత ఎన్నడూ తీరనిది. దగ్గరలో పట్టణం లేదు. రిజర్వేషన్‌లో స్థలం కొని ఇల్లు కట్టుకోవడం బయటివారికి కుదరదు కనుక ఇళ్ళు కూడా కళాశాలే సమకూర్చాలి. బయటి నుంచి వచ్చిన మంచి గురువులు రెండు మూడేళ్ళకు వెళ్ళిపోవడం పరిపాటి. దీనికి శాశ్వత మార్గం సొంత గడ్డ మీదే గురువులను తయారు చేసుకోవడం. 1984లో నవాహో ప్రభుత్వం తన బడుల్లో నవాహో భాష బోధించాలని విధానం ప్రకటించింది. ఆ భాష బోధించగల ఉపాధ్యాయులు కావలసి వచ్చారు. 1998లో ఈ కళాశాల మొదటిసారిగా నాలుగేళ్ళ డిగ్రీ ఇచ్చింది ఉపాధ్యాయ విద్యలోనే.

నవాహో దేశపు ఆర్థిక స్థితి కూడా కళాశాల గతిని నిర్ణయిస్తుంది. 1944 నుంచి 1986 దాకా ఈ నేల నుంచి దాదాపు మూడు కోట్ల టన్నుల యురేనియం ఖనిజాన్ని తవ్వి తీసుకుపోయారు. అయిదు వందలకు పైగా గనులను కప్పకుండా, శుభ్రం చేయకుండా వదిలేశారు. ఇక్కడి విద్యార్థికి బావి నీటిలో యురేనియం పరీక్ష పాఠ్యపుస్తకంలోని ప్రయోగం కాదు, తన ఊరి నీటి సంగతి. బొగ్గు వచ్చి కొంత ఆదాయం తెచ్చింది. 2019లో కయెంటా గని, దానిపై ఆధారపడిన విద్యుత్ కేంద్రం మూతపడ్డాయి. ఉద్యోగాలు పోయాయి, గిరిజన ప్రభుత్వ ఖజానా తగ్గింది. ఆ ఖజానా నుంచే కళాశాలకూ వాటా వస్తుంది.

మరుసటి ఏడాదే కోవిడ్. 2020 వసంతంలో నవాహో దేశం తలసరి లెక్కన అమెరికాలోనే అత్యంత ఘోరంగా దెబ్బతిన్న ప్రాంతాల్లో ఒకటి. మూడో వంతు ఇళ్ళకు కుళాయి నీరు లేదు. కరెంటు లేని ఇళ్ళు వేలల్లో ఉన్నాయి. అలాంటి చోట పాఠాలన్నీ ఇంటర్నెట్‌లోకి మారాయి. దేశమంతటా కమ్యూనిటీ కాలేజీల్లో చేరేవారి సంఖ్య ఒక్కసారిగా పడిపోయింది. ఆ ఏడాది చివర్లో దాత మెకెంజీ స్కాట్ షరతులేవీ లేకుండా దినే కాలేజీకి రెండు కోట్ల డాలర్లు ఇచ్చారు. సంస్థ చరిత్రలో అది పెద్ద ఊరట. కాని యాభై ఏళ్ళు ప్రభుత్వం కేటాయించవలసినది కేటాయించి ఉంటే ఒక దాత ఔదార్యం కోసం ఎదురుచూసే అవసరం ఉండేది కాదు.

ఇప్పుడు కళాశాల ముందున్న పెద్ద విషయం దాని రూపమే. ఉపాధ్యాయ విద్య తరువాత జీవశాస్త్రం, మనస్తత్వశాస్త్రం వంటి వాటిలోనూ నాలుగేళ్ళ డిగ్రీలు వచ్చాయి. ఇటీవల నవాహో నేత, వెండి పని వంటి చేతి విద్యలకూ డిగ్రీ హోదా దక్కింది. నవాహో దేశంలోనే క్రౌన్‌పాయింట్‌లో 1979లో నైపుణ్య శిక్షణ కేంద్రంగా మొదలైన సంస్థ 2013 నాటికి నవాహో సాంకేతిక విశ్వవిద్యాలయంగా మారింది. రెండూ అదే జనం నుంచి విద్యార్థులను చేర్చుకోవాలి. నాలుగేళ్ళ చదువు పెడితే సొంత పిల్లలు ఫీనిక్స్‌కో ఆల్బుకర్కీకో పోకుండా ఇంటి దగ్గరే ఉంటారు. దానితో పాటు పై చదువుల అధ్యాపకులు, ప్రయోగశాలల ఖర్చూ వస్తుంది. ఆ ఖర్చు రెండేళ్ళ కోర్సుల మీద పడకుండా చూసుకోవాలి. హైస్కూలు మధ్యలో మానేసి ముప్పై ఏళ్ళకు చదువుకోవాలనుకున్నవారికి, ఆరు నెలల్లో వెల్డింగ్ సర్టిఫికెట్ కావలసినవారికి, మాతృభాష చదవడం రాయడం నేర్చుకోవాలనుకునే మనవలకు ఆ రెండేళ్ళ కళాశాలే ద్వారం. కొత్త డిగ్రీలకు గుర్తింపు, నిధులు, ఇళ్ళు సమకూర్చుకుంటూనే ఈ ద్వారాన్ని పూర్తి వెడల్పున తెరిచి ఉంచాలంటే కావలసింది ఏటేటా ఖాయంగా వచ్చే ప్రాథమిక నిధి. తల లెక్కకు ముందు కళాశాల నడవడానికి కనీసం ఇంత అని నిర్ణయించి, దానిపైన విద్యార్థులను బట్టి కలిపి ఇచ్చే పద్ధతి చిన్న కళాశాలలకు న్యాయమైనది. సేలీలో వచ్చే సెమిస్టర్ రసాయనశాస్త్రం తరగతి ఉంటుందా లేదా అన్నది కూడా దాని మీదే ఆధారపడి ఉంది.